గట్టి పిస్టన్లు వేస్తే ఇంజన్ బలం పెరుగుతుందా?

2001లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో అమ్మిన మస్టాంగ్ కోబ్రా కారు ఇంజన్ 320 హార్స్‌పవర్ ఇచ్చేది. 2003 మోడల్‌గా వచ్చిన కోబ్రా 390 ఇచ్చింది. రెండూ 4.6 లీటర్ల వీ8 ఇంజన్లే. బోరు 90.2 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, కొలతల్లో తేడా లేదు. లోపలి సామాను మాత్రం మారింది. అల్యూమినియం బ్లాక్ పోయి పోత ఇనుప బ్లాక్ వచ్చింది. కనెక్టింగ్ రాడ్లు మ్యాన్లీ సంస్థ చేసిన ఫోర్జ్‌డ్ రాడ్లు. పిస్టన్లు కూడా ఫోర్జ్‌డే. అంటే లోహాన్ని కరిగించి పోసినవి కావు, వేడిచేసిన దిమ్మెను అచ్చులో పెట్టి టన్నుల కొద్దీ ఒత్తిడితో నొక్కి చేసినవి.

గట్టి సామాను వచ్చింది, 70 హార్స్‌పవర్ పెరిగింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెడితే మొదటిది కారణం, రెండోది ఫలితం అనిపిస్తుంది. కానీ ఆ గట్టి సామానుతో ఇంకేమీ మార్చకుండా ఇంజన్ బిగించి ఉంటే 320 కూడా వచ్చేది కాదు. నా లెక్క ప్రకారం 307 దగ్గర ఆగేది. ఆ 13 ఎక్కడ పోయాయో, 70 ఎక్కడి నుంచి వచ్చాయో ముందుకు వెళ్లాక చూద్దాం.

మన ఊళ్లలో బుల్లెట్ ఇంజన్ పనికి వచ్చినా, పాత కారు పొగ కక్కుతోందని ఇంజన్ దించినా ఈ మాట వినపడుతుంది. ఎలాగూ విప్పుతున్నాం కదా, లోపల గట్టి సామాను వేయిద్దాం, ఇంజన్ పదికాలాలు ఉంటుంది, పవర్ కూడా పెరుగుతుంది అంటారు. ఇందులో మొదటి సగం, పని సరిగ్గా చేస్తే, చాలావరకు నిజం. రెండో సగం నిజం కాదు. నెలల తరబడి కూడబెట్టిన జీతాన్ని కుర్రాళ్లు ఈ రెండో సగం మీద ఆశతో ఖర్చుపెడుతున్నారు. అందుకే లెక్క మొత్తం విప్పి చూపించడం అవసరమనుకుంటున్నాను.

గాలి ఎంత, బలం అంత

పెట్రోలు ఇంజన్ బలం మూడు అంకెల గుణకారం. మంట పిస్టన్ మీద వేసే సగటు ఒత్తిడి ఒకటి. సిలిండర్ల మొత్తం సీసీ రెండోది. నిమిషానికి క్రాంక్ తిరిగే చుట్లు మూడోది. మొదటి రెండూ కలిసి టార్క్ అవుతాయి, అంటే క్రాంక్‌ను తిప్పే బలం. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని, చుట్లతో గుణించి, 7,121తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 మన రోడ్ల మీద అందరూ చూసిన బండి. 648 సీసీ, రెండు సిలిండర్లు. 2018లో వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన అంకెలు ఇవి: 5,250 చుట్ల దగ్గర 52 న్యూటన్ మీటర్ల టార్క్, 7,250 చుట్ల దగ్గర 47 హార్స్‌పవర్. టార్క్ అత్యధికంగా ఉన్న 5,250 దగ్గర లెక్కేస్తే బలం 38 హార్స్‌పవరే. 7,250 దగ్గర టార్క్ 46కు తగ్గిపోయినా చుట్లు పెరిగాయి కాబట్టి 47 వచ్చింది.

ఆ 47 వెనక ఎంత గాలి ఉందో చూడండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి రెండు చుట్లకు ఒకసారి సిలిండర్ నిండుతుంది. కాబట్టి 7,250 చుట్ల దగ్గర ఈ ఇంజన్ నిమిషానికి 0.648 లీటర్ల చొప్పున 3,625 సార్లు, దాదాపు 2,350 లీటర్ల గాలి మింగగలదు. బరువులో 2.8 కిలోలు. పూర్తి బలం కావాలంటే పన్నెండున్నర పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కలవాలి. అంటే నిమిషానికి సుమారు 225 గ్రాములు. కిలో పెట్రోలులో 44 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది కాబట్టి, అంత పెట్రోలు కాలితే పుట్టే వేడి 165 కిలోవాట్లు, మన భాషలో 221 హార్స్‌పవర్. అందులో క్రాంక్ దాకా చేరింది 47. నూటికి 21 పాళ్లు. మిగతాది సైలెన్సర్‌లోంచి, ఇంజన్ రెక్కల్లోంచి, ఆయిల్ కూలర్‌లోంచి వేడిగా పోయింది, కొంత రాపిడికి ఖర్చయింది.

ఈ లెక్కలో పిస్టన్ ఏ లోహంతో చేశారన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. సిలిండర్‌లోకి వచ్చే గాలికి ఆ సంగతి తెలియదు. పోత పిస్టన్ కిందికి దిగినా, ఫోర్జ్‌డ్ పిస్టన్ కిందికి దిగినా ఖాళీ అయ్యే చోటు ఒక్కటే, పీల్చే గాలి ఒక్కటే, కాలే పెట్రోలు ఒక్కటే. బావి బొక్కెనకు పాత తాడు విప్పేసి మోకు కట్టినంత మాత్రాన పైకి వచ్చే నీళ్లు పెరగవు. పెద్ద బొక్కెన కట్టుకునే వీలు మాత్రం దొరుకుతుంది.

ఇంటర్‌సెప్టర్ క్రాంక్ ఫ్యాక్టరీ నుంచే ఫోర్జ్‌డ్. అయినా లీటరుకు 72 హార్స్‌పవరే ఇస్తుంది, ఎందుకంటే ఆ ఇంజన్‌ను అంత గాలి కోసమే గీశారు.

గట్టిదనం ఎందుకు కావాలి

బలం పెంచకపోతే మరి ఈ సామానుకు అంత ధర ఎందుకు? రాడ్ మీద పడే బరువు లెక్కేస్తే తెలుస్తుంది. మామూలు పెట్రోలు ఇంజన్‌లో మంట రాజుకున్న మరుక్షణం సిలిండర్ లోపలి ఒత్తిడి 60 బార్ దాకా పోవచ్చు. 78 మిల్లీమీటర్ల పిస్టన్ పైభాగం వైశాల్యం 48 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 60 బార్ అంటే దాదాపు మూడు టన్నులు. అరచేయంత పిస్టన్ మీద, 7,250 చుట్ల దగ్గర సెకనుకు 60 సార్లు.

ఇది నొక్కే బలం. దీనికంటే ప్రమాదకరమైనది లాగే బలం. 7,250 చుట్ల దగ్గర పిస్టన్ పై అంచుకు చేరి, ఆగి, వెనక్కి తిరిగే క్షణంలో దాని త్వరణం భూమ్యాకర్షణకు సుమారు 2,500 రెట్లు. పిస్టన్, రింగులు, పిన్ను కలిపి 300 గ్రాములనుకుంటే, ఆ క్షణంలో రాడ్ మోయాల్సిన లాగుడు 750 కిలోలు. కుదింపు చివర పై అంచు దగ్గర ఈ లాగుడుకు ఎదురుగా గ్యాస్ ఒత్తిడి ఉంటుంది, కొంత సర్దుకుంటుంది. పొగ బయటికి తోసే స్ట్రోకు చివర అదీ ఉండదు. పిస్టన్‌ను ఆపి కిందికి లాగాల్సింది రాడ్ ఒక్కటే, ఆ రాడ్ కింది కొసను క్రాంక్‌కు పట్టి ఉంచేది రెండు చిన్న బోల్టులు. చాలా ఇంజన్లు పగిలిపోయేది అక్కడే.

ఈ లాగుడు చుట్ల వర్గంతో పెరుగుతుంది. 7,250 నుంచి 8,700కు వెళ్తే చుట్లు 20 శాతమే పెరిగాయి. లాగుడు 44 శాతం పెరిగి 750 కిలోలు కాస్తా 1,080 అవుతాయి. యాక్సిలరేటర్ వదిలేసినా ఇది తగ్గదు. అందుకే వేగంగా పోతూ పొరపాటున తక్కువ గేరులోకి దింపితే, పెట్రోలు ఒక్క చుక్క కాలకపోయినా రాడ్ తెగి బ్లాక్‌లోంచి బయటికి రావచ్చు. గాలిని నొక్కి పంపే టర్బో ఒత్తిడి రాడ్‌ను వంచుతుంది, చుట్లు రాడ్‌ను తెంపుతాయి. చెడిపోయిన ఇంజన్ విప్పినప్పుడు రాడ్ వంగి కనిపించిందా, తెగి కనిపించిందా అన్నది చూసి మంచి మేస్త్రీలు తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేది ఈ తేడా పట్టుకునే.

పిస్టన్ విషయంలో అసలు శత్రువు నాకింగ్. స్పార్క్ మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకోవడం. ఆ దెబ్బకు పోత పిస్టన్‌లో రింగుల మధ్య ఉండే సన్నటి గట్లు పెళుసుగా విరుగుతాయి. ఫోర్జ్‌డ్ పిస్టన్ అదే దెబ్బను మరికొంతసేపు కాచుకుంటుంది. కొంతసేపే. నాకింగ్ ఆపకపోతే అదీ కరిగి రంధ్రం పడుతుంది.

కోబ్రా లెక్క

2001 కోబ్రా ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నింతలు కుదిస్తుందన్న అంకె, 9.85. 2003 ఇంజన్‌లో దాన్ని 8.5కు దించారు. కంప్రెషన్ తగ్గితే అదే గాలి, అదే పెట్రోలు నుంచి పిండుకునే పని తగ్గుతుంది. ఒట్టో సైకిల్ సూత్రం ప్రకారం ఆదర్శ సామర్థ్యం 9.85 దగ్గర 59.9 శాతం, 8.5 దగ్గర 57.5 శాతం. నిజం ఇంజన్లో ఈ రెండు అంకెల్లో ఏదీ రాదు, కానీ వాటి నిష్పత్తి ఉపయోగపడుతుంది: 4 శాతం నష్టం. 320లో 4 శాతం 13. మొదట చెప్పిన 307 ఇలా వచ్చింది. కొత్త ఫోర్జ్‌డ్ పిస్టన్లు తమంతట తాముగా తెచ్చిన మార్పు ఇదే, అదీ తరుగుదల వైపు.

మరి ఇంజనీర్లు కావాలనే ఎందుకు తగ్గించారు? పైన ఈటన్ కంపెనీ సూపర్‌చార్జర్ పెట్టారు కాబట్టి. అది వాతావరణ ఒత్తిడి మీద ఇంకో 8 పీఎస్‌ఐ గాలి సిలిండర్లలోకి తోస్తుంది. వాతావరణ ఒత్తిడి 14.7. అంటే మొత్తం 22.7, పాత దానికి 1.54 రెట్లు. 307ను 1.54తో గుణిస్తే 474 రావాలి. వచ్చింది 390. మిగతా 84 ఏమయ్యాయి?

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 25 డిగ్రీల గాలిని 1.54 రెట్లు నొక్కితే, నష్టమే లేని ఆదర్శ యంత్రంలో కూడా 64 డిగ్రీలు అవుతుంది. ఆ తరహా సూపర్‌చార్జర్‌లో ఇంకా ఎక్కువ. ఇంటర్‌కూలర్ దాన్ని చల్లబరుస్తుంది. చల్లబడ్డాక కూడా 60 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే గాలి సాంద్రత పదో వంతు పైగా తగ్గి, 474 కాస్తా 424 అవుతుంది. ఇక సూపర్‌చార్జర్ తనంతట తాను తిరగదు. బెల్టుతో క్రాంకే దాన్ని తిప్పాలి. ఆ పనికి 30, 35 హార్స్‌పవర్ పోయిందనుకుంటే 390 దగ్గరికి వచ్చి ఆగుతాం. నేను ఊహించిన 60 డిగ్రీలు కాస్త అటూ ఇటూ అయితే ఈ పంపకం మారుతుంది. దిశ మాత్రం మారదు. బలం తెచ్చింది గాలి పంపు. దాన్ని తిప్పే ఖర్చు పోగా మిగిలిందే ఆ 70.

గట్టి సామాను చేసిన పని వేరు. టార్క్ 430 నుంచి 529 న్యూటన్ మీటర్లకు పెరిగింది, అదీ 3,500 చుట్ల దగ్గరే. అంత తక్కువ చుట్ల దగ్గర అంత టార్క్ అంటే రాడ్ల మీద నొక్కుడు బాగా పెరిగినట్టు. ఆ నొక్కుడు కింద రాడ్లు వంగకుండా, బ్లాక్ పగలకుండా, కారు కొన్నవాడికి వారంటీ ఇవ్వగలిగేలా చేసింది ఆ స్టీలు, ఆ ఇనుము. హార్స్‌పవర్ పట్టికలో వాటికి గడి లేకపోవచ్చు, అవి లేకపోతే ఆ పట్టికే ఉండేది కాదు.

జపాన్ నుంచి ఇదే మాటకు ఇంకో సాక్ష్యం. టయోటా సుప్రాలోని 2జేజెడ్ టర్బో ఇంజన్ కింది భాగం గట్టిదనానికి ప్రపంచమంతా పేరు. 86 బోరు, 86 స్ట్రోకు, ఇనుప బ్లాక్, ఫోర్జ్‌డ్ క్రాంక్. జపాన్‌లో అమ్మిన దానికి 280 హార్స్‌పవర్ అని రాశారు. అమెరికాకు పంపిన దానికి 320. జపాన్ కంపెనీలు అప్పట్లో 280 దాటి ప్రకటించకూడదని తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి, ఆ కాగితపు హద్దు ఒక సంగతి. కానీ నిజంగానే సామానులో తేడా ఉంది. ఎగుమతి ఇంజన్‌కు వేరే టర్బోలు, వేరే క్యామ్‌లు, నిమిషానికి 440 సీసీ బదులు 550 సీసీ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు. క్రాంక్ ఫోర్జ్‌డే, బ్లాక్ ఇనుమే, రెండింటిలోనూ. తేడా అంతా గాలి, పెట్రోలు వచ్చే దారిలోనే.

రీబోర్ చేయించాక పికప్ ఎందుకు పెరిగినట్టుంటుంది

విజయవాడ ఆటోనగర్‌లో గానీ, ఏ పట్టణంలోని లేత్ షాపులో గానీ రోజూ జరిగే పని రీబోర్. అరిగిన సిలిండర్‌ను కొద్దిగా పెద్దది చేసి, ఓవర్‌సైజు పిస్టన్ వేసి, కొత్త రింగులు బిగిస్తారు. బండి తీసుకెళ్లినవాడు మర్నాడు నవ్వుతూ వస్తాడు, పవర్ పెరిగిందంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. కానీ కారణం వేరు.

పాత 346 సీసీ బుల్లెట్ తీసుకుందాం. యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజన్, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 5,250 చుట్ల దగ్గర 19.8 హార్స్‌పవర్. అర మిల్లీమీటర్ ఓవర్‌సైజు వేస్తే బోరు 70.5 అవుతుంది. వైశాల్యం 1.4 శాతం పెరుగుతుంది. 346 సీసీ 351 అవుతుంది. 19.8 హార్స్‌పవర్ అన్నీ కలిసొస్తే 20.1 అవుతుంది. పావు హార్స్‌పవర్ తేడా సీటు మీద కూర్చున్న ఏ మనిషికీ తెలియదు. పూర్తి మిల్లీమీటర్ ఓవర్‌సైజు వేసినా 356 సీసీ, 20.4 హార్స్‌పవరే.

అతనికి తెలిసింది పోయినది తిరిగి రావడం. రింగులు అరిగి, వాల్వులు సరిగ్గా కూర్చోక, ఆ ఇంజన్ 19.8 ఇవ్వాల్సింది 16కు పడిపోయి ఉంటే, రీబోర్ తర్వాత మళ్లీ 19.8కు చేరడం 24 శాతం పెరుగుదల. అది బాగా తెలుస్తుంది. అదే సమయంలో ఫోర్జ్‌డ్ పిస్టన్ వేయించి ఉంటే పేరంతా పిస్టన్‌కు పోతుంది. కంపెనీ పోత పిస్టన్ వేసినా ఇదే 19.8 వచ్చి ఉండేది. గట్టి సామానుకు బలం పెంచే గుణం అంటగట్టడంలో సగం పాపం ఈ పోలికదే. చెడిపోయిన ఇంజన్‌తో బాగుపడిన ఇంజన్‌ను పోలుస్తున్నాం. కొత్త ఇంజన్‌తో పోల్చాలి.

బోరు నిజంగా పెంచితే ఏమవుతుందో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీయే చూపించింది. 500 సీసీ క్లాసిక్ స్ట్రోకు కూడా 90 మిల్లీమీటర్లే. బోరు 70 బదులు 84. వైశాల్యం సరిగ్గా 1.44 రెట్లు. 350 టార్క్ 28 న్యూటన్ మీటర్లు, దాన్ని 1.44తో గుణిస్తే 40.3. కంపెనీ ప్రకటించింది 41.3. ఫ్యూయల్ ఇంజెక్షన్ వల్ల కొంత తోడయి ఉంటుంది, కానీ అసలు పెరుగుదల సీసీదే. హార్స్‌పవర్ మాత్రం 19.8కి 1.44 రెట్లయిన 28.5 రాలేదు, 27.2 దగ్గర ఆగింది. పై చుట్లలో పెద్ద సిలిండర్‌ను నింపడం కష్టమవుతుంది. బలం గాలిని ఎంత నమ్మకంగా అనుసరిస్తుందో చెప్పడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంకో గందరగోళం ఉంది. బజారులో దొరికే కిట్లలో పిస్టన్ ఫోర్జ్‌డ్ అయి ఉంటుంది, దాంతోపాటు దాని తల ఉబ్బెత్తుగా ఉండి కంప్రెషన్ పెంచుతుంది, బోరు కూడా పెద్దది కావచ్చు. బలం పెరిగితే అది తల ఆకారం వల్ల, బోరు వల్ల. లోహం వల్ల కాదు. కోబ్రా పిస్టన్లు ఫోర్జ్‌డ్ అయ్యి కంప్రెషన్ తగ్గించాయి, ఈ కిట్లలోనివి ఫోర్జ్‌డ్ అయ్యి కంప్రెషన్ పెంచుతాయి. తయారీ పద్ధతి ఒకటే, ఫలితం ఎదురెదురు.

కంప్రెషన్ వల్ల వచ్చేది కూడా ఎంతో కాదు. ఇంటర్‌సెప్టర్‌లో 9.5 ఉన్న నిష్పత్తిని 10.5 చేస్తే, అదే సూత్రం ప్రకారం 2.7 శాతం. 47కు ఒకటింపావు తోడై 48.3. దానికి బదులుగా నాకింగ్ భయం పెరుగుతుంది, మామూలు పెట్రోలు చాలక ఇంకా ఎక్కువ ఆక్టేన్ ఉన్నది కొట్టించాల్సి రావచ్చు.

చుట్లు పెంచుకునే హక్కు

సూపర్‌చార్జర్ లేకుండా గట్టి సామాను హార్స్‌పవర్‌కు దారి తీసే మార్గం ఒకటుంది, చుట్లు పెంచడం. హోండా ఎస్2000 కారును 2000లో అమెరికాలో దింపినప్పుడు దాని ఇంజన్ 1,997 సీసీ, 8,300 చుట్ల దగ్గర 240 హార్స్‌పవర్, ఎర్ర గీత, అంటే చుట్ల హద్దు, 9,000 దగ్గర. టర్బో లేదు, సూపర్‌చార్జర్ లేదు. లీటరుకు 120 హార్స్‌పవర్.

పిస్టన్ సగటు వేగం లెక్క చాలా తేలిక: స్ట్రోకును రెండుతో, సెకనుకు చుట్లతో గుణించాలి. ఎస్2000 స్ట్రోకు 84 మిల్లీమీటర్లు, 9,000 చుట్ల దగ్గర సెకనుకు 25.2 మీటర్లు. బుల్లెట్ 5,250 దగ్గర 15.8. ఇంటర్‌సెప్టర్ 7,250 దగ్గర 16.4. అంత వేగాన్ని ఫ్యాక్టరీ కారులో, వారంటీతో తట్టుకోవడానికి హోండా ఫోర్జ్‌డ్ పిస్టన్లు వాడింది. 2004లో స్ట్రోకును 90.7కు పెంచి 2.2 లీటర్లు చేశారు. ఎర్ర గీతను 8,000కు దించారు. పిస్టన్ వేగం 24.2కు వచ్చింది. సీసీ 8 శాతం పెరిగింది, టార్క్ కూడా పెరిగింది, కానీ హార్స్‌పవర్ మళ్లీ 240యే. గుణకారంలో ఒక అంకె పెరిగి ఇంకోటి తగ్గింది.

ఎస్2000లో రాడ్లు, పిస్టన్లు ఆ చుట్లను మోశాయి. బలం తెచ్చింది మాత్రం సిలిండర్ తలభాగం. దాని అత్యధిక టార్క్ 7,500 దగ్గర 207 న్యూటన్ మీటర్లు. 8,300 దగ్గర లెక్కేస్తే ఇంకా 206 ఉంది. అంటే అంత చుట్లలోనూ సిలిండర్ నిండుగా గాలి పీలుస్తోంది. పై చుట్లకు వేరే క్యామ్ మీదికి మారే వీటెక్ ఏర్పాటు అందుకే ఉంది. అది లేని ఇంజన్‌కు గట్టి రాడ్లు వేసి చుట్ల హద్దు పెంచితే ఏమవుతుంది? ఇంటర్‌సెప్టర్‌ను 8,500 దాకా తిప్పామనుకోండి. అక్కడ 47 హార్స్‌పవర్ నిలబడాలంటేనే 39.4 న్యూటన్ మీటర్ల టార్క్ ఉండాలి. క్యామ్, వాల్వులు, పోర్టులు పాతవే అయి గాలి చాలక టార్క్ 36కు పడిపోతే, బలం 43. ఇంజన్ ఎక్కువ అరుస్తుంది, తక్కువ లాగుతుంది.

తేలిక సామాను సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ వాదించేవాళ్ల దగ్గర నిజం కొంత ఉంది. ఫోర్జ్‌డ్ లోహం గట్టిది కాబట్టి అదే పనికి తక్కువ లోహం చాలు, క్రాంక్, ఫ్లైవీల్ తేలిక చేయవచ్చు, ఇంజన్ చుట్లు చురుగ్గా ఎక్కుతాయి. ఒక మధ్యరకం కారు ఇంజన్‌లో తిరిగే భాగాల జడత్వం 0.2 కిలోగ్రామ్ చదరపు మీటర్లు అనుకుందాం. పది సెకన్లలో 2,000 నుంచి 6,000 చుట్లకు ఎక్కించేటప్పుడు, 6,000 దగ్గర ఆ భాగాల వేగం పెంచడానికే 7 హార్స్‌పవర్ పోతుంది. వాటిని 10 శాతం తేలిక చేస్తే 0.7 హార్స్‌పవర్ మిగిలి చక్రాల దాకా వస్తుంది. ఒకే వేగంతో హైవే మీద పోతుంటే మిగిలేది సున్నా.

ఫోర్జ్‌డ్ పిస్టన్‌కు రోజువారీ బండిలో ఖర్చు కూడా ఉంది. పందేల ఇంజన్లకు వాడే 2618 రకం అల్యూమినియంలో సిలికాన్ ఒక శాతం కూడా ఉండదు. వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, కాబట్టి సిలిండర్ గోడకూ దానికీ మధ్య ఎక్కువ సందు వదలాలి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే పిస్టన్ అటూ ఇటూ కొట్టుకుని టకటకమంటుంది, ఆయిల్ కాస్త ఎక్కువ తాగుతుంది. 12 శాతం సిలికాన్ ఉన్న 4032 రకం ఇంత వ్యాకోచించదు, రోడ్డు బండికి అదే నయం. కిట్ కొనేముందు ఈ రెండంకెల్లో ఏదో అడగండి. చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

డబ్బు ఏ వరుసలో పెట్టాలి

టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ పెట్టి గాలిని సగం పైగా పెంచబోతున్నవాళ్లు కింది సామాను ముందు మార్చాలి, టర్బో తర్వాత పెట్టాలి. వరుస తిరగబడితే మొదటి గట్టి పరుగులోనే కంపెనీ రాడ్లు వంగిపోవచ్చు. పందేలకు ఎర్ర గీత పెంచుకునేవాళ్లకూ ఇదే మాట, అందులోనూ రాడ్ బోల్టులు అన్నిటికంటే ముందు. టర్బో లేదు, పందేలు లేవు, రోజూ ఆఫీసుకు పోయే బండి అయితే కంపెనీ సామాను తెచ్చి, బోరు కొలత, రింగుల సందు, బేరింగుల సందు సరిగ్గా కుదిరేలా ఓపికగా పనిచేసే మేస్త్రీ దగ్గర చేయించుకోవడమే మేలు. మిగిలిన డబ్బు టైర్లకు, బ్రేకులకు పెట్టండి.

సీసీ పెంచే ఆలోచన ఉంటే చట్టం కూడా చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఇంజన్ సీసీ ఆ పత్రంలో ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ కంపెనీ మొదట చూసే కాగితాల్లో అదొకటి.

ఏం చేయించినా, ఇంజన్ విప్పకముందే ఒకసారి డైనో, అంటే బలం కొలిచే యంత్రం, ఎక్కించి ఆ కాగితం దాచుకోండి. బిగించాక మళ్లీ అదే డైనో మీద, అదే గేరులో, కనీసం మూడు పరుగులు తీయించండి. చక్రాల దగ్గర కొలిచిన అంకె క్రాంక్ దగ్గరి దానికంటే తక్కువ వస్తుంది, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చకండి. వాతావరణం సవరణ వేశారో లేదో అడగండి. పల్నాడులో, రెంటచింతల వైపు మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలకు చేరిన గాలి, 25 డిగ్రీల గాలి కంటే 6 శాతం పలుచన. వేసవిలో ఒక పరుగు, సంక్రాంతికి ఒక పరుగు తీసి సవరణ లేకుండా పోల్చితే, ఇంజన్‌లో ఒక్క బోల్టు కూడా మార్చకుండానే ఇంటర్‌సెప్టర్ లాంటి బండికి కాగితం మీద రెండు మూడు హార్స్‌పవర్ పెరిగినట్టు కనిపిస్తుంది. కంప్రెషన్ ఒక అంకె పెంచితే వచ్చేదానికి అది రెట్టింపు.